ఆ రాత్రికి ముందున్న ఏళ్లు

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో వకీలుగా పనిచేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నదాన్ని. నేను కోర్టుకు పోవడం మానేసినా మనుషులు మా ఇంటికి రావడం మానలేదు. వాళ్లలో ఒక తల్లి ఉంటుంది, వెంట తమ్ముడో మేనమామో ఉంటాడు. “వకీలమ్మా, మా బిడ్డ ఆయిన్ని సంపింది. ఏండ్ల సంది కొట్టిండు. మాకు కూడ చెప్పుకోలె. ఇప్పుడు ఉరేస్తరా?” అని అడుగుతారు. ఇలాంటి ఇళ్ల కోసం, ఇలాంటి కేసు చేతికొచ్చిన కొత్త వకీళ్ల కోసం, మహిళా సంఘం లీడర్ల కోసం, అంగన్‌వాడీ టీచర్ల కోసం నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందే ఒక మాట. చంపడం నేరం. భర్త కొట్టాడన్నది ఆ నేరాన్ని తుడిచెయ్యదు. కానీ ఏ నేరం, ఎంత శిక్ష అన్నవి వేరే ప్రశ్నలు. పోలీసు కాగితాల్లో ఆ ఒక్క రాత్రే ఉంటుంది. దానికి ముందున్న ఏళ్లను కోర్టు ముందు పెట్టడమే మన పని. కనికరం అడిగే దారి నాకు తెలిసినంతలో అదొక్కటే.

1. మొదటి రోజే ఆమె ఒంటిని డాక్టరుకు చూపించాలి.

చాలామంది ఆడవాళ్లు పారిపోరు. తామే నడిచి స్టేషన్‌కు పోతారు, లేదంటే శవం పక్కనే కూర్చుంటారు. అడిగిన ప్రతిదానికీ జవాబు చెబుతారు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదని పాత ఎవిడెన్సు చట్టంలో ఉంది, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది. వకీలును పిలిపించుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణమే ఇచ్చింది. ఆ హక్కు ఆమెకు గుర్తుచేసే మనిషి ఒకరు ఆ పూట స్టేషన్ దగ్గర ఉండాలి.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. అరెస్టయిన మనిషిని ప్రభుత్వ డాక్టరుతో పరీక్ష చేయించి, ఒంటి మీది గాయాలు రాయించాలని చట్టం. ఆడమనిషైతే లేడీ డాక్టరే చూడాలి. ఈ పరీక్ష చాలాసార్లు రెండు నిమిషాల్లో అయిపోతుంది. చేతికి తగిలిన కొత్త గాయం రాస్తారు గానీ వీపు మీది పాత వాతలు, సరిగ్గా అతకని వేలు, జుట్టు ఊడిన చోటు రాయరు. రిమాండుకు తెచ్చినప్పుడు మెజిస్ట్రేటు “పోలీసులు కొట్టారా?” అని అడుగుతారు. ఆమె లేదంటుంది, అది నిజమే. “మొగుడు కొట్టిండా?” అని ఎవరూ అడగరు. వకీలు లేచి ఆ మాట చెప్పాలి, పూర్తి పరీక్షకు పంపమని అక్కడే అర్జీ ఇవ్వాలి. కమిలిన మచ్చ ఎక్కువ రోజులు మిగలదు.

వకీలును పెట్టుకునే స్తోమత లేదని ఆగనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం దొరుకుతుంది. 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు.

2. సాక్ష్యం లేదనకండి, ఎక్కడ ఉందో వెతకండి.

మా ప్రాంతం సంగతి కొంచెం వేరు. 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహకంలో 84 ఊళ్లలో పెద్ద కట్టడాలను, పరిశ్రమలను ఆపింది. అపార్ట్‌మెంట్లు రాని మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌లు వచ్చాయి. ఒక్కొక్క ఫామ్‌హౌస్‌కు ఒక వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. ఎక్కడినుంచో పనికోసం వచ్చినవాళ్లు. ఎత్తయిన ప్రహరీ, తాళం వేసిన గేటు, మూలన ఒక గది. ఆమె అరిచినా వినే ఇరుగుపొరుగు లేరు. ఇలాంటి కేసుల్లో “చుట్టుపక్కల ఎవరూ ఏమీ వినలేదు” అని ఛార్జిషీటులో రాస్తే, కొట్టలేదని దానర్థం కాదు. చుట్టుపక్కల మనుషులే లేరని. ఆ గది ఎక్కడుందో, పక్క ఇల్లు ఎంత దూరమో స్కెచ్ గీయించి కోర్టులో దాఖలు చెయ్యాలి.

ఊళ్లో అయితే దారులు ఎక్కువ. గులాబీ తోటల్లో, కూరగాయల మళ్లలో జట్టుగా పనిచేసే ఆడకూలీలకు అన్నీ తెలుసు. మే నెల ఎండలో నిండు చేతుల జాకెట్టు ఎందుకు వేసుకున్నదో, నాలుగు రోజులు కూలికి ఎందుకు రాలేదో వాళ్లే చెప్పగలరు. కూలి లెక్క రాసే మేస్త్రీ పుస్తకంలో ఆ నాగాలు తేదీలతో ఉంటాయి. సంఘం పుస్తకంలో కిస్తీ కట్టని నెలలు ఉంటాయి. పిల్లల బడి హాజరుపట్టీలో ఖాళీలు ఉంటాయి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి, ఎప్పుడెప్పుడు దెబ్బలు పడ్డాయో అవే చెబుతాయి.

ఆసుపత్రి ఓపీ చీటీలు ఉంటే మరీ మంచిది. వాటి మీద “జారి పడింది” అని రాసి ఉంటుంది. భర్త పక్కనే నిలబడితే ఆమె ఇంకేం చెబుతుంది? అది చూసి నిరాశపడొద్దు. ఒకే మనిషి మళ్లీ మళ్లీ జారిపడటం, ప్రతిసారీ ముఖానికో పక్కటెముకలకో తగలడం మామూలుగా జరుగుతుందా అని డాక్టరును బోనులో అడగాలి.

అన్నిటికంటే గట్టి కాగితం పెద్దమనుషుల దగ్గర ఉంటుంది. “ఇక మీదట కొట్టను, తాగను” అని పంచాయతిలో వేలిముద్ర వేసి రాసిచ్చిన బాండు పేపరు అది. దాన్ని బయటికి తీయడానికి వాళ్లు వెనకాడతారు, ఎందుకంటే ఆమెను తిరిగి ఆ ఇంటికి పంపింది వాళ్లే. బతిమాలండి. ఇవ్వకపోతే కోర్టు ద్వారా సమన్లు పంపించండి.

తల్లికి పంపిన వాయిస్ మెసేజీలు, ఫొటోలు చెరపొద్దు. ఆ ఫోన్ అమ్మొద్దు, మార్చొద్దు. కోర్టులో పెట్టడానికి సర్టిఫికెట్ కావాలి, అది వకీలు చూసుకుంటాడు.

3. చట్టంలో ఏ తలుపు తట్టాలో ముందే తేల్చుకోవాలి.

2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. హత్య రుజువైతే 103వ సెక్షన్ కింద ఉరి లేదా యావజ్జీవం. అంతకంటే తగ్గించే అధికారం జడ్జికి లేదు. శిక్ష ఖరారు చేసేముందు ముద్దాయి మాట వినాలన్న నియమం ఉంది గానీ, హత్య అని తేలిపోయాక “పిల్లలున్నారు, కనికరించండి” అని ఏడ్చినా జడ్జి చేతులు కట్టేసే ఉంటాయి. అందుకే పోరాటమంతా సెక్షన్ దగ్గరే జరగాలి. 105వ సెక్షన్‌లోకి, అంటే హత్య కిందికి రాని నరహత్యలోకి కేసు మారితే అప్పుడు సంవత్సరాల లెక్క వస్తుంది. అందులో రెండో భాగం కిందికి వస్తే గరిష్ఠం పదేళ్లు, కనిష్ఠం లేదు. ఆమె కథకు చోటు దొరికేది అక్కడ.

మొదటి తలుపు ఆత్మరక్షణ. ప్రాణం పోతుందనో, తీవ్రమైన గాయమవుతుందనో, అత్యాచారం జరుగుతుందనో సహేతుకమైన భయం ఉంటే, ఎదుటివాడి ప్రాణం తీసే దాకా ఈ హక్కు వెళ్తుంది. అప్పుడు అసలు నేరమే లేదు. 2012లో మదురైలో, కూతురి మీద పడబోయిన భర్తను క్రికెట్ బ్యాట్‌తో కొట్టి చంపిన భార్యను అప్పటి ఎస్పీ అస్రా గార్గ్ ఇదే హక్కు కింద వదిలేశారు. చాలామంది పోలీసు అధికారులు ఆ సాహసం చేయరు, కోర్టులో తేల్చుకోమంటారు. అయినా ఆ అధికారం దర్యాప్తు దశలోనే ఉందని గుర్తుపెట్టుకుని, రాతపూర్వకంగా అడగాలి.

రెండోది, హద్దు దాటిన ఆత్మరక్షణ. అతను కొడుతున్న కర్రనే లాక్కుని, అతను పడిపోయాక కూడా కొట్టింది అనుకోండి. అప్పుడు హత్యను నరహత్యకు తగ్గించే ఈ మినహాయింపు వర్తిస్తుంది. 2013లో గౌహతి హైకోర్టుకు దాదాపు ఇలాంటి కేసే వచ్చింది. కొడుతున్న భర్త చేతిలోంచి కర్ర లాక్కుని తిరిగి కొట్టిన మంజు లక్రా కేసు అది. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న మనిషి మనసు ఎలా పనిచేస్తుందో చర్చించి, హైకోర్టు ఆమె నేరాన్ని హత్య నుంచి తగ్గించింది.

మూడో తలుపు దగ్గరే అందరూ ఆగిపోతారు. తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొడితే అదుపు తప్పి చంపడం. ఈ నిబంధన 1860 నాటిది, కొత్త సంహితలోనూ మాటలు మారలేదు. ఆ “హఠాత్తుగా” అన్న చోటే మన ఆడవాళ్లు ఓడిపోతున్నారు. మగవాడు కోపమొచ్చిన క్షణంలోనే చెయ్యెత్తగలడు. దెబ్బలు తిన్న ఆడది అతను మెలకువగా ఉన్నప్పుడు ఎదురు తిరగలేదు, తిరిగితే తనే చస్తుంది. అందుకే అతను తాగి పడుకున్నాక చేస్తుంది. ప్రాసిక్యూషన్ దాన్ని పథకం అంటుంది. బలహీనురాలికి అది తప్ప వేరే సమయం దొరకదని నేను నమ్ముతాను.

మద్రాసు హైకోర్టు దీనికి ఒక దారి చూపింది. భర్త బాధ పడలేక పిల్లలతో సహా బావిలో దూకి, తాను మాత్రం బతికిన సుయంబుక్కని కేసులో 1989లో తీర్పు ఇస్తూ, పిల్లలను బావిలో పడేసిన తమిళ జానపద గాథలోని నల్లతంగాళ్‌ను గుర్తుచేసింది. ఏళ్ల తరబడి సాగుతూ వచ్చిన రెచ్చగొట్టుడును కూడా మినహాయింపుగా చూడాలంది. చట్టంలో ఆ మాట రాసి లేదు. అయినా మన వకీళ్లు ఆ తీర్పును తెలంగాణ కోర్టుల్లో ఎందుకు ఎక్కువగా వాడరో నాకు అర్థం కాదు. వేరే రాష్ట్రపు హైకోర్టు తీర్పు మన కోర్టును కట్టిపడెయ్యదు, నిజమే. కానీ ఒప్పించగలదు.

4. మనసుకు తగిలిన దెబ్బకు కూడా డాక్టరు కావాలి.

ఇంగ్లండులో క్రాలీ పట్టణంలో కిరణ్‌జీత్ అహ్లువాలియా అనే పంజాబీ ఆడబిడ్డ, పదేళ్లు భర్త చేతిలో నరకం చూసి, 1989 మేలో అతను నిద్రపోతుండగా నిప్పు పెట్టింది. అతను చనిపోయాడు. ఆ డిసెంబరులోనే హత్య నేరం కింద యావజ్జీవం పడింది. ఆ మొదటి విచారణలో ఆమె తీవ్రమైన మానసిక కుంగుబాటులో ఉందన్న వైద్య సాక్ష్యం జ్యూరీ ముందుకు రానేలేదు. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే మహిళా సంస్థ ఆమె వెంట నిలబడింది. 1992లో అప్పీలు కోర్టు కొత్త వైద్య సాక్ష్యం చూసి శిక్ష రద్దు చేసింది. మళ్లీ విచారణలో నేరం తగ్గింది, శిక్ష మూడేళ్ల నాలుగు నెలలు. అప్పటికే అంతకాలం జైల్లో గడిపింది కాబట్టి ఇంటికి వెళ్లింది.

ఆ అప్పీలులో ఆమెను బయటికి తెచ్చింది రెచ్చగొట్టాడన్న వాదన కాదు, మానసిక స్థితి గురించిన సాక్ష్యం. ఆ కేసు తర్వాత చాలా ఏళ్లకు, 2009 నాటి చట్టంతో, అక్కడ “హఠాత్తుగా” అన్న షరతును తీసేశారు. మనం మాత్రం 2023లో కొత్త సంహిత రాసుకుంటూ కూడా దాన్ని అలాగే ఉంచుకున్నాం. ఇది పార్లమెంటు సరిదిద్దాల్సిన పని. మన ప్రాంతపు ఎంపీ దగ్గరికి రోడ్డు కోసం, వంతెన కోసం వెళ్లేవాళ్లు ఈ మాట కూడా అడగొచ్చు.

మన చట్టంలో మతిస్థిమితం పూర్తిగా తప్పితేనే మినహాయింపు, సగం కుంగిన మనసుకు విడిగా సెక్షన్ లేదు. అయినా సైకియాట్రిస్టు రిపోర్టు వృథా పోదు. ఆమెకు కలిగిన భయం సహేతుకమేనా, నిజంగా అదుపు తప్పిందా అన్న ప్రశ్నలకు అది జవాబిస్తుంది. రిమాండులో ఉండగానే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పంపమని అర్జీ పెట్టండి. “పిచ్చిదంటరు, పిల్లల పెండ్లిళ్లు కావు” అని తల్లిగారింటివాళ్లు అడ్డుపడతారు. వాళ్లకు ఓపిగ్గా చెప్పాలి.

5. చనిపోయినవాణ్ని తిట్టొద్దు.

అతనికీ ఒక తల్లి ఉంది, కోర్టు వరండాలో ఆ చివర కూర్చుని ఉంటుంది. పిల్లలకు అతను నాన్న. అతను చేసింది తేదీలతో చెప్పండి, బిరుదులివ్వొద్దు. అత్తగారి వైపు నుంచి ఒక్క ఆడబిడ్డ నిజం చెప్పడానికి ముందుకొస్తే మన సాక్షులు పదిమంది కంటే దాని బరువు ఎక్కువ. మనం నోరు పారేసుకుంటే ఆ ఆడబిడ్డ రాదు. ఇంకో సంగతి, పంచాయతి పెట్టి రెండు కుటుంబాలు ఒప్పుకుంటే హత్య కేసు కొట్టేస్తారని చాలామంది అనుకుంటారు. హత్యలో రాజీ చెల్లదు. దానికోసం అప్పులు చేసి డబ్బులిచ్చిన ఇళ్లు నాకు తెలుసు, కేసు మాత్రం అలాగే నడిచింది.

6. ముందు మనం నమ్మాలి, నమ్మేముందు పరీక్షించాలి.

వేరే కారణంతో చంపి, దెబ్బల కథ అల్లుకొచ్చేవాళ్లు కూడా ఉంటారు. ఇన్సూరెన్సు కోసమో, వేరే సంబంధం కోసమో. ఒక్క అబద్ధపు కేసు బయటపడితే, తర్వాత వచ్చే పది నిజమైన కేసులను జడ్జి అనుమానంగా చూస్తారు. కాబట్టి ఆమెతో ఒంటరిగా, తొందరపెట్టకుండా, ఒకటికి రెండు ములాఖత్‌లలో మాట్లాడండి. దెబ్బలు తిన్న మనిషి కథలో తేదీలు కలగాపులగం అవుతాయి, వరుస తప్పుతుంది. అది అబద్ధానికి గుర్తు కాదు. అల్లిన కథే చాలాసార్లు నున్నగా, వరుసగా వస్తుంది.

7. శిక్ష పడ్డాక కూడా తలుపులు మూసుకుపోవు.

చిలుకూరు బాలాజీ గుడిలో మొక్కుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరాక నూట ఎనిమిది. బెయిలు కోసం, శిక్ష తగ్గడం కోసం తిరిగే తల్లులు అక్కడ ఎప్పుడూ ఉంటారు. తిరగనివ్వండి, ఆ బలం కావాలి. కానీ గుడి నుంచి వచ్చాక అప్పీలు గడువు చూసుకోవాలి. హైకోర్టుకు అప్పీలు 60 రోజుల్లో. డబ్బు లేకపోతే జైలు అధికారుల ద్వారానే అప్పీలు పంపొచ్చు.

హైకోర్టులోనూ యావజ్జీవం ఖాయమైనా క్షమాభిక్ష మిగిలే ఉంటుంది. ఇక్కడ రెండు దారులున్నాయి, చాలామంది వాటిని కలిపేస్తారు. మామూలు రెమిషన్ (శిక్ష తగ్గింపు) దారిలో, ఉరి కూడా పడగల నేరానికి యావజ్జీవం పడినవాళ్లు 14 ఏళ్లు జైల్లో ఉండాల్సిందే. రాజ్యాంగం 161వ అధికరణం కింద గవర్నరు ఇచ్చే క్షమాభిక్షకు ఆ 14 ఏళ్ల అడ్డు లేదని సుప్రీంకోర్టు 1980లోనే, మారూరాం కేసులో చెప్పింది. ప్రభుత్వాలు ప్రత్యేక జీవోలతో ముందుగా విడుదల చేయగలిగేది దీనివల్లే. 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యాభైమందికి పైగా మహిళా జీవితఖైదీలకు విడుదల ప్రకటించింది. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం 213 మంది ఖైదీలను విడిచిపెట్టింది, వాళ్లలో మహిళలూ ఉన్నారు. మంచిపనే. కానీ ఆ జాబితాలు జైల్లో గడిపిన ఏళ్లు, నడవడిక, వయసు చూసి తయారవుతాయి. ఆమె ఎందుకు చంపింది, అంతకుముందు ఏం అనుభవించింది అన్నది చూసే గడి ఆ ఫారంలో ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను. న్యూయార్క్ రాష్ట్రం 2019లో ఇలాంటి బాధితులకు తక్కువ శిక్ష వేయడానికి, పాత శిక్షలను తిరిగి చూడటానికి ప్రత్యేక చట్టమే చేసింది. మనకు చట్టం దాకా పోనక్కర్లేదు, ఒక జీవోలో ఒక క్లాజు చాలు.

లీడరు సిఫారసు కోసం తిరగొద్దు. మన తెలుగు నేల మీదే దానికి ఉదాహరణ ఉంది. 2005లో ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఒక హత్య కేసు ఖైదీకి మిగిలిన శిక్ష మాఫీ చేశారు. ఫైలులో అతను మంచి కాంగ్రెస్ కార్యకర్త అని కూడా రాసి ఉంది. చనిపోయిన మనిషి కుటుంబం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006 అక్టోబరులో ఏపూరు సుధాకర్ కేసులో కోర్టు ఆ మాఫీని కొట్టేసి, కులం, మతం, పార్టీ చూసి క్షమాభిక్ష ఇవ్వకూడదంది. ఫైలులో ఉన్న కారణాలే రేపు కోర్టులో నిలబడాలి. కాబట్టి మనం మొదటి రోజు నుంచి కూడబెట్టిన చీటీలు, బాండు పేపరు, డాక్టరు రిపోర్టు అన్నీ అర్జీ వెనక జతచెయ్యాలి.

ఒకసారి తిరస్కరిస్తే అయిపోయిందనుకోవద్దు. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు దహనంలో 23 మంది కాలిపోయారు. ఉరిశిక్ష పడిన ఇద్దరు దళిత యువకుల అర్జీని ఒక రాష్ట్రపతి తోసిపుచ్చారు. పౌరహక్కుల సంఘాలు, మహాశ్వేతాదేవి లాంటి రచయితలు వదల్లేదు. మళ్లీ అర్జీ పెట్టారు. 1998లో కె.ఆర్. నారాయణన్ ఉరిని యావజ్జీవంగా మార్చారు. అది వేధింపుల కేసు కాదు, దాని ఘోరం వేరు. ఆ నేరాన్ని ఎవరూ కాదనలేదు, ప్రాణం మాత్రం అడిగారు. అలాంటి కేసులోనే రెండో అర్జీకి చెవి దొరికినప్పుడు మన ఆడబిడ్డకు దొరకదా?

2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. రెమిషన్ విధానం ఉన్న రాష్ట్రాలు, అర్హులైన ఖైదీలు అర్జీ పెట్టకపోయినా వాళ్ల పేర్లు పరిశీలించాలని. చంచల్‌గూడ మహిళా జైల్లో ఉన్న మనిషికి ఈ సంగతి తెలియకపోవచ్చు. ములాఖత్‌కు వెళ్లినవాళ్లు చెప్పండి.

8. “సర్దుకపో బిడ్డా” అనే ముందు ఒక చీటీ రాయించండి.

ఇంకా అంతదాకా రాని, దెబ్బలు తింటున్న ఆడబిడ్డ కోసం ఈ మాట. 2005 నాటి గృహహింస చట్టం కింద మెజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వగలరు, అదే ఇంట్లో ఉండే హక్కు ఇవ్వగలరు. 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రం దాకా దారి చూపిస్తారు. ఆమె తిరిగి అదే ఇంటికి పోతానన్నా సరే, ఒక ఫిర్యాదు నమోదైతే రెండు ప్రాణాలు మిగలొచ్చు.

9. విడుదల తర్వాత రోజుల కోసం విడుదలకు ముందే సిద్ధం కావాలి.

ఇల్లు, పొలం భర్త పేరున ఉంటే అవి ఆమెకు రావు. చంపినవాళ్లు చంపబడ్డవాళ్ల ఆస్తికి వారసులు కాలేరని హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్. కానీ పిల్లల హక్కు పోదు. మా వైపు భూమి ధరలు తెలిసినవే, ఎకరం కోసం మనుషులు మాట మార్చేస్తారు. తల్లి జైల్లో, తండ్రి మట్టిలో ఉన్నప్పుడు పిన్నతండ్రులు ఆ పట్టా తమ పేరున ఎక్కించుకోకుండా, తహసీల్దారు ఆఫీసులో పిల్లల పేర్లతో అభ్యంతరం పెట్టాలి, గార్డియన్ కోసం కోర్టులో అర్జీ వెయ్యాలి. ఆ పని మేనమామ చెయ్యాలి, ఆమె బయటికొచ్చే దాకా ఆగకూడదు.

పిల్లలను ములాఖత్‌కు తీసుకుపోండి. మొదటిసారి మాట్లాడరు, తల తిప్పుకుంటారు. అయినా మళ్లీ తీసుకుపోండి. ఆమె ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా కాగితాలు తల్లిగారింట్లో భద్రంగా ఉంచండి. జైల్లో కుట్టుపని నేర్చుకుంటే సర్టిఫికెట్ అడిగి తీసుకోమనండి. తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో విడుదలైనవాళ్లకు పని ఇస్తున్నారు, జైలు వెల్ఫేర్ అధికారిని ముందే కలిసి పేరు రాయించొచ్చు. వచ్చాక ఏ ఊళ్లో ఉండాలన్నది ఆమెనే అడగండి. పాత ఊరు వద్దంటే బలవంతపెట్టొద్దు.